దించుకునే వేళను ఎవరు నిర్ణయించాలి?

జావాస్క్రిప్ట్ లైబ్రరీలు తమ భాగాలను అవసరం పడిన వేళకు తామే దించుకోవాలన్న సలహా ఈ వారం మళ్లీ వినవచ్చింది. ప్రోగ్రామును పలు ఫైళ్లుగా విడగొట్టడాన్ని కోడ్ స్ప్లిటింగ్ అనీ, ఆ ముక్కలను పని పడినప్పుడే తెప్పించుకోవడాన్ని లేజీ లోడింగ్ అనీ అంటారు. చవక ఫోనుతో, అరకొర సిగ్నల్‌తో నెట్టుకొచ్చే వాడుకరి పక్షం వహించడం ఈ శీర్షికకు పాత అలవాటు కనుక, ఆ సలహాకు ఇక్కడ మద్దతు దొరుకుతుందనుకోవడం సహజమే.

లేజీ లోడింగ్ అవసరానికి మొమెంట్ జేఎస్ చరిత్రే సాక్ష్యం. తేదీలను, వేళలను చూపే ఈ లైబ్రరీలో ఒక్కో భాషకు ఒక్కో ఫైలు ఉంటుంది. తెలుగు ఫైలులో నెలల పేర్లు, వారాల పేర్లతో పాటు ఉదయం 10 నుంచి సాయంత్రం 5 లోపు వేళనంతా మధ్యాహ్నంగా లెక్కగట్టే నియమమూ ఉంది (పదింటికే మధ్యాహ్నమా అన్న తగవు వేరే వారానికి). ఏ భాష కావాలన్నది ప్రోగ్రాము నడిచేటప్పుడే తేలేలా లైబ్రరీని రాయడం వల్ల, ఫైళ్లను కూర్చి కట్టే వెబ్‌ప్యాక్ అనే బండ్లర్ ముందుగా ఏదీ తేల్చుకోలేక భాషల ఫైళ్లన్నిటినీ చేర్చేసేది. తెలుగు ఒక్కటే చాలిన సైటుకు వచ్చినవారు కూడా ఐస్లాండిక్, టిబెటన్ నెలల పేర్లను దించుకోవలసి వచ్చేది. 2020 సెప్టెంబరులో ఇక కొత్త సౌకర్యాలు చేర్చబోమని ప్రకటించిన నిర్వాహకులే, లైబ్రరీ పరిమాణాన్నీ, వాడని కోడ్‌ను వదిలించే ట్రీ షేకింగ్‌కు అది లొంగకపోవడాన్నీ లోపాలుగా ఒప్పుకున్నారు.

అయితే మొమెంట్ తానే లేజీ లోడింగ్‌కు దిగి ఉంటే మేలు జరిగేదా అంటే, లేదనే చెప్పాలి. ముక్కలను తెప్పించేందుకు 2020 జావాస్క్రిప్ట్ ప్రమాణంలో చేరిన డైనమిక్ ఇంపోర్ట్ ఫైలును అప్పటికప్పుడు ఇవ్వదు. తర్వాత ఇస్తానన్న హామీగా ప్రామిస్ అనే వస్తువును అందిస్తుంది. తేదీని అక్షరాల్లో పెట్టే చిన్న ఫంక్షన్ అలా వేచి చూడవలసినదైతే, దాన్ని పిలిచే ప్రతి ఫంక్షనూ వేచి చూడవలసిందే. పైగా ముక్కలను ఏ సర్వర్లో ఉంచారో లైబ్రరీకి తెలియదు. పేజీ తెరిచి ఉండగానే కొత్త విడుదల వచ్చి పాత ముక్కలను తొలగిస్తే, వాడుకరికి ఏ సందేశం చూపాలో నిర్ణయించే అధికారమూ దానికి లేదు.

ముక్కలను ఎప్పుడు దించుకోవాలన్న నిర్ణయం పేజీనీ, దాని వాడుకరినీ ఎరిగిన అప్లికేషన్‌దే. 2018లో రియాక్ట్ అనే లైబ్రరీ 16.6 కూర్పు తెచ్చిన లేజీ సౌకర్యం సైతం దేన్ని విడిగా తెప్పించాలో, అది వచ్చేలోగా ఏమి చూపాలో అప్లికేషన్ రాసేవారికే వదిలింది. లైబ్రరీ కర్త పని ప్రతి భాగాన్నీ విడి మాడ్యూల్‌గా ఉంచడం వరకే. డేట్ ఎఫ్ఎన్ఎస్ అనే మరో తేదీల లైబ్రరీలో తెలుగు ఒక విడి ఫైలు. అడిగిన అప్లికేషన్‌కే అది చేరుతుంది.