బొరుసు మీద వంశావళి

క్రీ.పూ. 82లో రోమ్ టంకశాలలో గాయస్ మామిలియస్ లిమెటానస్ అనే అధికారి ఒక వెండి నాణెం వేయించాడు. బొరుసు వైపు చేతికర్ర పట్టుకుని, టోపీ పెట్టుకుని నడిచి వస్తున్న మనిషి ఉంటాడు. అతని ఎదురుగా మెడ చాచిన కుక్క. ఇరవై ఏళ్ల తర్వాత బిచ్చగాడి వేషంలో సొంతింటికి వచ్చిన యులిసీస్‌ని చూడగానే గుర్తుపట్టిన ముసలి కుక్క ఆర్గోస్ అది. హోమర్ కథకీ రోమ్ డబ్బుకీ సంబంధం ఏమిటంటే, మామిలీ వంశం వాళ్లు తాము యులిసీస్ సంతతి అని చెప్పుకునేవాళ్లు. మాయలమారి సర్సీకీ యులిసీస్‌కీ పుట్టిన టెలిగోనస్ రోమ్ పక్కనున్న టస్కులమ్ పట్టణాన్ని కట్టించాడట, మామిలీల సొంతూరు అదే. ఇక నాణేన్ని తిప్పితే బొమ్మ వైపు రెక్కల టోపీతో మెర్క్యురీ దేవుడి తల. ఆయన యులిసీస్ తల్లికి తాత! రూపాయి బిళ్లకన్నా చిన్న వెండి ముక్క మీద అమ్మవైపు చుట్టరికాన్ని కూడా వదల్లేదు.

దెనారియస్ అనే ఈ వెండి నాణెం క్రీ.పూ. 211 ప్రాంతంలో, హానిబాల్‌తో యుద్ధం జరుగుతుండగా పుట్టింది. మొదట్లో అన్నిటి మీదా ఒకటే బొమ్మలు: ఒక వైపు రోమా దేవత, ఇంకో వైపు గుర్రాల మీద కవల దేవుళ్లు. టంకశాల బాధ్యత ఏటా మారే ముగ్గురు అధికారులది. సాధారణంగా రాజకీయాల్లో అప్పుడే అడుగుపెట్టిన కుర్రాళ్లు. వీళ్లు ముందు మూలన ఒక గుర్తు వేసుకున్నారు, తర్వాత పొడి అక్షరాలు, ఆ తర్వాత పేరు. క్రీ.పూ. 130లు వచ్చేసరికి మొత్తం బొరుసునే ఇంటి గోడలా వాడుకోవడం మొదలుపెట్టారు. క్రీ.పూ. 139లో ఎన్నికల్లో రహస్య ఓటు వచ్చింది. ఎవరు ఎవరికి వేశారో తెలియనప్పుడు వంశం పేరు జనం చేతుల్లో తిరగడం అవసరమైందని కొందరు చరిత్రకారుల అభిప్రాయం. నాకూ అది సబబుగానే తోస్తుంది.

ఆ గొప్పలు చూడండి. రోమ్ స్థాపకుడు రోములస్‌నీ అతని కవల సోదరుణ్నీ తోడేలు దగ్గర కనిపెట్టిన పశులకాపరి మావాడేనని సెక్స్టస్ పాంపేయస్ ఆ తోడేలునీ కాపరినీ అచ్చు వేయించాడు. మెటెల్లస్ వంశం వాళ్లయితే తరతరాలుగా ఏనుగును వదల్లేదు. వాళ్ల పూర్వీకుడు సిసిలీలో కార్తేజ్ సేన నుంచి ఏనుగులను పట్టుకున్నాడు మరి. నియంత సుల్లా కొడుకు ఫాస్టస్ క్రీ.పూ. 56లో వేయించిన నాణెం మీద తండ్రి ఎత్తైన ఆసనం మీద కూర్చుని ఉంటాడు, ఒక రాజు మోకరిల్లి ఆలివ్ కొమ్మ అందిస్తుంటాడు, వెనక చేతులు కట్టేసిన శత్రురాజు జుగుర్తా. అది సుల్లా ఉంగరం మీద ఉన్న బొమ్మే.

ఇదంతా నిజమేనా? చావుల దగ్గర చేసే పొగడ్త ప్రసంగాల్లో జరగని విజయయాత్రలూ, లేని పదవులూ దూరి చరిత్రను పాడుచేశాయని ఆ కాలంలోనే సిసిరో వాపోయాడు. అందులో అందరికన్నా ఇరుకున పడ్డవాడు మార్కస్ బ్రూటస్. క్రీ.పూ. 54లో ఇతను వేయించిన నాణెం మీద ఒక వైపు స్వేచ్ఛా దేవత, ఇంకో వైపు భటుల నడుమ నడుస్తున్న తొలి కాన్సల్ లూసియస్ బ్రూటస్. రాజులను వెళ్లగొట్టిన ఆ పెద్దాయన తమ మూలపురుషుడని చాటింపు. చిక్కేమిటంటే, రాజుల పక్షాన కుట్ర చేశారని ఆ పెద్దాయన తన ఇద్దరు కొడుకులకీ మరణశిక్ష వేయించాడు. మరి వంశం ఎలా నిలిచింది? ఇంకో పసివాడు మిగిలాడని మద్దతుదారులు, వీళ్లు వేరే కుటుంబమని గిట్టనివాళ్లు. జీవిత చరిత్రలు రాసిన ప్లూటార్క్ రెండు మాటలూ రాసిపెట్టాడు. ఆ చుట్టరికం నిజమో కాదో గానీ, పదేళ్ల తర్వాత సీజర్‌ని పొడిచినవాళ్లలో ఇతనున్నాడు.

ఇలాంటి నాణేలను పోగుచేయడం కొత్త సరదా కాదు. 1354లో కవి పెట్రార్క్ చక్రవర్తి నాలుగో చార్లెస్‌కి తన రోమన్ నాణేలు కొన్ని కానుకగా ఇచ్చాడు. 1577లో ఫుల్వియో ఓర్సిని వీటిని కుటుంబాలవారీగా పేర్చి పుస్తకం వేశాడు. మూడు వందల ఏళ్లకు పైగా అదే పద్ధతి నడిచింది. 1974లో మైకేల్ క్రాఫర్డ్ గ్రంథం వచ్చాక కాలక్రమం స్థిరపడింది, ఇప్పుడు వేలం జాబితాల్లో కనిపించేవి ఆయన ఇచ్చిన నంబర్లే. పండితులకు అదే సరైనది. ఒక ఇంటి కథను వరసగా చదువుకోవాలంటే మాత్రం పాత పద్ధతిలో ఉన్న హాయి వేరు.

చదవడం పెద్ద కష్టమేమీ కాదు. రోమన్ పేరులో మధ్యది వంశం, చివరిది శాఖ. చోటు చాలక రెండు మూడు అక్షరాలను ఒకే గీత మీద కలిపేస్తారు, మన ఒత్తుల్లాగే. మామిలియస్ నాణెం మీద కూడా శాఖ పేరులో అక్షరాలు అలా అతుక్కునే ఉంటాయి. దాని అంచుకు రంపపు పళ్లు కూడా ఉంటాయి. ముద్ర వేయకముందే ఉలితో ఒక్కొక్కటీ కోసినవి. దొంగ నాణేలను ఆపడానికని అంటారు గానీ, పళ్లు కోసిన పూత నాణేలూ దొరికాయి. రాగి బిళ్లకు వెండి రేకు తొడిగినవన్న మాట. అసలుది దాదాపు 3.9 గ్రాములు తూగాలి. పోత పోసిన నకిలీకి అంచు చుట్టూ అతుకు గీత, దాన్ని రాసేసిన ఆనవాళ్లు భూతద్దంలో కనబడతాయి. అసలైనవాటిని కింద ఒక అచ్చు, పైన ఒక అచ్చు పెట్టి సుత్తితో కొట్టారు కాబట్టి బొమ్మ పక్కకు జరగడం మామూలే, దాన్ని లోపమనుకోకండి. ఇత్తడి చెంబుల్లా చింతపండు పెట్టి మాత్రం తోమకండి. ఏళ్ల తరబడి పట్టిన నల్లటి పొర పోతే సగం విలువ దానితో పోయినట్టే.

నాణెం మీది వంశావళి ఒకటైతే, నాణెం వంశావళి ఇంకొకటి. ఎక్కడ దొరికింది, ఎవరెవరి చేతులు మారింది అన్నది. దీన్ని కల్పించేవాళ్లూ ఉన్నారు. సీజర్ హత్యకు గుర్తుగా బ్రూటస్ వేయించిన నాణెం మీద రెండు బాకులు, మధ్య స్వేచ్ఛ పొందిన బానిసలు పెట్టుకునే టోపీ ఉంటాయి. అందులో బంగారంతో చేసినది ఒకటి 2020లో లండన్ వేలంలో 40 లక్షల డాలర్లు దాటింది. దాని పాత యజమానుల చరిత్ర అబద్ధమని అమెరికా దర్యాప్తులో తేలి, 2023లో గ్రీసుకు చేరింది. బ్రూటస్‌కి మూలపురుషుడెవరన్న పేచీ ఆయన నాణేన్ని కూడా వదల్లేదు.

ఆ లెక్కన మన నేలలో కుండలతో సహా బయటపడ్డ రోమన్ నాణేలకు దొరికిన చోటే సాక్ష్యం. నల్లగొండ జిల్లా అక్కనపల్లిలో వెయ్యికి పైగా దెనారియస్‌లు ఒక్కచోట దొరికాయి. పరమేశ్వరీలాల్ గుప్తా 1965లో ఆంధ్రప్రదేశ్‌లోని రోమన్ నాణేల మీద పుస్తకమే వేశారు. మన దేశంలో దొరికే దెనారియస్‌లలో ఎక్కువ భాగం రెండే రకాలు. ఒకటి అగస్టస్ చక్రవర్తిది. బొరుసు మీద డాళ్లు, ఈటెలతో ఇద్దరు కుర్రాళ్లు గాయస్, లూసియస్. కూతురు జూలియా బిడ్డలను దత్తత తీసుకుని అగస్టస్ వారసులుగా ప్రకటించుకున్నాడు. లూసియస్ క్రీ.శ. 2లో, గాయస్ 4లో పోయారు. రెండో రకం టైబీరియస్‌ది. మనవలు పోయాక గత్యంతరం లేక దత్తత చేసుకున్న సవతి కొడుకు ఇతను. బొమ్మ చుట్టూ ఉన్న అక్షరాల్లో దైవమైన అగస్టస్ కొడుకునని రాయించుకున్నాడు. ఒకే కుండలో ఈ రెండు రకాలూ కలిసి ఉంటే ఒక ఇంటి వారసత్వం తగాదా అంతా ఒకచోట కనబడుతుంది. ఇక్కడి వర్తకులకు ఆ గొడవ పట్టలేదు. నీరో చక్రవర్తి వెండి తగ్గించకముందు వేసిన మంచి నాణేలు కాబట్టి తూకం చూసి తీసుకున్నారు. ఇక్కడ వేసిన నకళ్ల మీద రోమన్ అక్షరాలు ఉత్త గీతలైపోయాయి.

పొలం దున్నుతుంటే అలాంటి కుండ బయటపడితే, 1878 నాటి నిధుల చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన విలువ ఉంటే చాలు, కలెక్టరుకు చెప్పి తీరాలి. నూరేళ్లు దాటిన నాణేన్ని అనుమతి లేకుండా దేశం దాటించడం 1972 చట్టం ప్రకారం నేరం. కంసాలి మూసలోకి వెళితే మాత్రం గాయస్, లూసియస్‌లు టైబీరియస్‌తో కలిసి తులాల లెక్కలోకి వస్తారు.