మధ్యాహ్నపు గండం

భక్తి ఏ వేళకు చల్లారుతుందో గంటలతో సహా రాసిపెట్టినవాడు ఎవాగ్రియస్ అనే సన్యాసి. ఆ గండం ఉదయం పది ప్రాంతంలో మొదలై మధ్యాహ్నం రెండు దాకా ఉంటుందని ఆయన లెక్క. ఈజిప్టు ఎడారిలో ఆ వేళ సూర్యుడు కదలడు. కదిలినా కదలనట్టే ఉంటాడు. పగలు యాభై గంటలంత పొడుగవుతుంది. గదిలో ఒంటరిగా కూర్చున్న సన్యాసి మాటిమాటికీ కిటికీ వైపు చూస్తాడు. మూడయితే గానీ భోజనం లేదు. పొద్దు ఎంతవరకు వాలిందో చూడ్డానికి బయటికొస్తాడు, ఎవరైనా సోదరుడు ఇటు వస్తున్నాడేమోనని అటూ ఇటూ చూస్తాడు. కాసేపటికి ఆ చోటంటే విసుగు, చేతిలో పని అంటే విసుగు. ఇక్కడివాళ్లలో ప్రేమ లేదు, కష్టమొస్తే ఓదార్చే దిక్కు లేదు అనిపిస్తుంది. దేవుణ్ణి ఎక్కడైనా ఆరాధించవచ్చు, ఈ గదే ఎందుకు అన్న వాదన కూడా తయారవుతుంది. ఆ తర్వాత ఇంటివాళ్లు గుర్తుకొస్తారు, ముందున్న ఆయుష్షు ఎంత పొడుగో కళ్లకు కడుతుంది.

నాలుగో శతాబ్దపు ఎడారి సన్యాసులు ఈ స్థితిని అకేడియా అన్నారు. 91వ కీర్తన ఆరో వచనాన్ని ఆధారం చేసుకుని మధ్యాహ్నపు దయ్యం అని కూడా అన్నారు. తరవాతి కాలంలో పడమటి సంఘం దీన్ని ఏడు ఘోర పాపాల్లో ఒకటైన సోమరితనంలో కలిపేసింది. నా దృష్టిలో అది పెద్ద నష్టమే. సోమరి కదలడు. అకేడియా పట్టినవాడు తెగ తిరుగుతాడు, రోగుల్ని పరామర్శించి వస్తానంటాడు, బంధువుల బాగోగులు చూడాలంటాడు. చేయాల్సిన ఆ ఒక్క పని తప్ప అన్నీ చేస్తాడు. ఇలాంటివాళ్లు మన సంఘ కమిటీల్లోనూ కనిపిస్తారు, చాలా చురుగ్గా!

ఎవాగ్రియస్‌కి పతనం పరాయిది కాదు. ఇప్పటి టర్కీలో ఉన్న పొంటస్ ప్రాంతంలో సుమారు 345లో పుట్టాడు. కాన్‌స్టాంటినోపుల్‌లో డీకన్‌గా, మంచి వాదనాపటిమ గలవాడిగా పేరు తెచ్చుకున్నాడు. అక్కడే ఒక వివాహిత మీద మనసు పడి, నలుగురి నోళ్లలో నానకముందే యెరూషలేముకు పారిపోయాడు. అక్కడ మళ్లీ మంచి బట్టలు, పాత దర్జా. అంతలో జ్వరం పట్టుకుని నెలల తరబడి వదల్లేదు. వైద్యుల చేతకాని ఆ జబ్బు వెనక ఇంకేదో ఉందని పసిగట్టి, అతని నోటితో నిజం చెప్పించింది మెలానియా అనే సన్యాసిని. ఆమె ప్రోద్బలంతోనే 383 ప్రాంతంలో ఈజిప్టు చేరాడు. అక్కడి సన్యాసుల స్థావరాలైన నిత్రియాలో రెండేళ్లు, కెల్లియాలో పధ్నాలుగేళ్లు ఉన్నాడు. పుస్తకాలకు నకళ్లు రాసి పొట్టపోసుకుంటూ 399లో కన్నుమూశాడు.

ఆయన చెప్పిన మందుల్లో మొదటిది చాలా మొరటుగా ఉంటుంది: కూర్చున్నచోటు వదలొద్దు. గండం వచ్చిన గంటలో గది వదిలితే, మనసు పారిపోవడానికి అలవాటు పడుతుంది. మరో ఎడారి పెద్ద అబ్బా మోషే ఇంకా క్లుప్తంగా, గదిలో కూర్చో, అన్నీ ఆ గదే నేర్పుతుందన్నాడు. రెండోది, మనసును రెండుగా చేసుకోవడం: ఒక భాగం ఏడుస్తుంది, ఒక భాగం దావీదు కీర్తనల మాటలతో దాన్ని ఓదారుస్తుంది. మూడోది ఎదురు మాట. అరణ్యంలో నలభై రోజులు ఉపవాసమున్న యేసు శోధకుడికి లేఖనంతోనే బదులిచ్చాడు. ఆ పద్ధతిని పట్టుకుని ఎవాగ్రియస్ ఒక గ్రంథమే తయారుచేశాడు. తిండి యావ మొదలు గర్వం దాకా ఎనిమిది తలంపులకు ఎనిమిది భాగాలు. ఫలానా తలంపు వస్తే ఫలానా వచనం. ఇంత కాలం నిలబడలేనని మనసు అంటే దానికో వచనం, అమ్మానాన్నల దగ్గరికి పోదామంటే దానికో వచనం. వాదన పెంచకుండా ఒక్క మాటతో తలుపు వేయడం దీని ఉద్దేశం.

నాలుగోది చేతిపని. దీని గురించి, ఎడారి పెద్దల ముచ్చట్లు రాసిపెట్టిన కాసియన్ చెప్పిన ఒక ముచ్చట నన్ను చాలాకాలం ఇబ్బంది పెట్టింది. అబ్బా పౌలు ఊరికి ఏడు రోజుల ప్రయాణ దూరంలో ఉండేవాడు. తోటలో ఖర్జూరాలున్నాయి, తిండికి లోటు లేదు. బుట్టలు అల్లినా బజారుకు మోయించే కూలి వాటి ధరను మించిపోతుంది. అయినా రోజూ మట్టలు కోసుకొచ్చి, దాంతోనే బతుకుతున్నవాడిలా లెక్కప్రకారం పని చేసేవాడు. ఏడాది తిరిగేసరికి గుహ నిండిపోయేది. అన్నిటికీ నిప్పుపెట్టి మళ్లీ మొదలుపెట్టేవాడు. వ్యర్థమైన పని అని ఎవరికైనా అనిపిస్తుంది. ఆ బుట్టలు అమ్ముకోవడానికి కావని, అల్లినన్నాళ్లూ అల్లినవాణ్ణి నిలబెట్టడానికేనని ఒప్పుకోవడానికి సమయం పడుతుంది. ఫలితం కనపడని ప్రార్థన గురించి ఇంతకన్నా నిక్కచ్చిగా చెప్పిన ఉపదేశం నేను వినలేదు.

దేనికైనా మితం ఉండాలన్నాడు ఎవాగ్రియస్. వేళకాని వేళ, మోతాదు మించి చేసిన ఉపవాసం నాలుగు రోజులు నిలవదు, మేలుకన్నా కీడే చేస్తుందని హెచ్చరించాడు. నెలల తరబడి నిద్ర, ఆకలి చెడి, బతకాలనే లేకుండా పోయినవాళ్లను గదిలో కూర్చోమనడం మాత్రం తప్పు. వాళ్లను డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి.

ఇదంతా పడకముందు చేసే కాపలా. పడిపోయాక? మన తెలుగు సంఘాల్లో దానికి ఉజ్జీవ సభలున్నాయి. మూడు రాత్రులు పందిరి, మైకు, కన్నీళ్లు, చేతులెత్తి చేసే తీర్మానాలు. వాటిని నేను తేలిక చేయను. ఎంతోమంది బతుకులు అక్కడే మలుపు తిరిగాయి. కానీ పందిరి విప్పేసిన వారం ఏం చేయాలో అక్కడ చెప్పేవాళ్లు తక్కువ. ఎడారి పెద్దలు చెప్పింది సరిగ్గా ఆ వారం గురించే.

నియమాలన్నీ వదిలేసి, మళ్లీ మొదలుపెట్టే ధైర్యం లేక కుంగిపోయిన ఒక సోదరుడికి ఒక పెద్దాయన కథ చెప్పాడు. ఒకతని పొలం నిర్లక్ష్యం వల్ల ముళ్లపొదలతో నిండిపోయింది. బాగుచేయమని కొడుకును పంపాడు. కొడుకు వెళ్లి, ఆ ముళ్లడవిని చూసి, ఇది ఎప్పటికి తెమిలేనని అక్కడే పడుకుని నిద్రపోయాడు. మర్నాడూ అంతే. తండ్రి వచ్చి చూసి తిట్టలేదు. నువ్వు పడుకున్నంత మేర రోజూ శుభ్రం చెయ్యి, చాలు అన్నాడు. పొలం కొద్ది రోజుల్లోనే తేటపడింది. పోగొట్టుకున్న పదేళ్ల భక్తిని ఒక్క రాత్రిలో తిరిగి తెచ్చుకోవాలన్న ఆత్రమే మనిషిని మళ్లీ పడుకోబెడుతుందని ఆ పెద్దాయనకు తెలుసు. మానేసిన ప్రార్థనను ఒక్క కీర్తనతో మొదలుపెట్టవచ్చు. అది పాత ఉత్సాహాన్ని తేకపోయినా, మర్నాడు మళ్లీ అదే కీర్తన.

ఈ విద్య పుట్టిన ఎడారి కూడా పడి లేచిందే. ఎవాగ్రియస్ చనిపోయిన మరుసటి ఏడే అతని సహచరులను అలెగ్జాండ్రియా బిషప్ థియోఫిలస్ తరిమేశాడు. 407 ప్రాంతంలో దోపిడీ మూకలు మరో సన్యాసుల స్థావరమైన స్కేటిస్‌ను నాశనం చేశాయి. 553లో ఎవాగ్రియస్ పేరే ఖండనకు గురైంది. ప్రార్థన మీద ఆయన రాసిన పుస్తకం నైలస్ అనే మరొకరి పేరుతో బతికింది, ఎదురు మాటల గ్రంథం సిరియాక్, ఆర్మేనియన్ అనువాదాల్లో దక్కింది. కెల్లియా ఇసుకలో కలిసిపోయింది. స్కేటిస్‌లో, అంటే ఇప్పటి వాదీ ఎల్ నత్రూన్‌లో, నాలుగు మఠాలు మాత్రం మిగిలాయి.

వాటిలో మకారియస్ మఠం 1969 నాటికి కూలడానికి సిద్ధంగా ఉంది. మిగిలింది ఆరుగురు ముసలి సన్యాసులు. కాప్టిక్ పోప్ ఆరవ కిరిల్లోస్ పిలుపు మీద మత్తా ఎల్ మెస్కీన్ అనే సన్యాసి పన్నెండుమందితో అక్కడికి చేరాడు. పేరంతా ఈ పన్నెండుమందికే వచ్చింది గానీ, శిథిలాల్లో ఉండిపోయిన ఆ ఆరుగురికి నేను ఇంకాస్త ఎక్కువ మార్కులు వేస్తాను. కొత్తవాళ్లూ అంతకుముందు దాదాపు పదేళ్లు వాదీ ఎల్ రయ్యాన్ గుహల్లో గడిపినవాళ్లే. 2006లో మత్తా కన్నుమూసేనాటికి మఠంలో సన్యాసుల సంఖ్య వంద దాటింది. వచ్చినవాళ్లలో ఇంజినీర్లున్నారు, డాక్టర్లున్నారు, ఫార్మసిస్టులున్నారు. మఠం చుట్టూ ఉన్న ఇసుకను సాగులోకి తెచ్చారు, సొంతంగా ప్రెస్సు పెట్టుకుని పుస్తకాలు అచ్చువేశారు.