గాలి దారి తెలిసిన చేయి

బెజవాడ ఆటోనగర్‌లో టర్బో కారుకు కొత్త రేడియేటర్ ఫ్యాను బిగించే ఎలక్ట్రీషియన్ పని చూస్తే ముచ్చటేస్తుంది. ఇలాంటి చాలా కార్లలో ముందు ఇంటర్‌కూలర్, దాని వెనక ఏసీ కండెన్సర్, ఆ తర్వాతే రేడియేటర్. ఇంత మందంలోంచి గాలిని లాగాలి కాబట్టి ఆయన ఫ్యాను సైజు ఒక్కటే చూడడు. మోటారు బలం, ఇంజను వైపు మిగిలిన జాగా, రేడియేటర్‌ను అంచులదాకా కప్పే ష్రౌడ్ చూస్తాడు. రేడియేటర్ సన్నటి రేకుల్లోంచి ప్లాస్టిక్ టైలు గుచ్చి కట్టడు, బ్రాకెట్లే వేస్తాడు. అదే సరైన పని. వైరింగ్ అయితే మరీ అందం. తిరగడం మొదలెట్టే క్షణంలో ఫ్యాను మామూలుకంటే చాలా ఎక్కువ కరెంటు లాగుతుంది. ఆ భారం స్విచ్చి మీద పడనివ్వడు. బ్యాటరీ నుంచి లావుపాటి వైరు, పక్కనే ఫ్యూజు, అక్కణ్ణుంచి రిలే 30వ పిన్ను, 87 నుంచి ఫ్యాను. టెంపరేచర్ స్విచ్చి నడిపించే 85, 86 పిన్నులకు సన్న వైర్లు చాలు. ప్రతి లగ్గునూ క్రింప్ చేసి, గట్టిగా లాగి చూసి, స్లీవ్ తొడుగుతాడు. ఆఖర్న గ్రిల్ ముందు కాగితం ముక్క పెడతాడు. అతుక్కుంటే గాలి లోపలికే వెళ్తోంది. ఎగిరిపోతే ప్లస్సు, మైనస్సు తారుమారైనట్టే. మే ఎండలో, ట్రాఫిక్‌లో ఏసీ వేసుకుని ఆగినా టెంపరేచర్ ముల్లు కదలకుండా ఉందంటే అది ఈయన చేతి చలవే. ఇలాంటి మనిషి దగ్గర కూలి విషయంలో బేరమాడకండి.