తెలివికి మార్కులు: ఆల్డ్రెటే పట్టికపై ఒక విమర్శ

శస్త్రచికిత్సను గురించి విద్యార్థులు చదివే పాఠం సాధారణంగా మత్తు ఇవ్వడంతో ఆరంభమై కుట్లు వేయడంతో ముగుస్తుంది. 1846లో బోస్టను నగరంలో మోర్టన్ అనే దంతవైద్యుడు ఈథరు ఇచ్చి చూపిన ఘట్టం ప్రసిద్ధమే. ఎక్కిన మత్తు ఎట్లా దిగుతుంది, దిగినదని చెప్పడానికి గుర్తు ఏమిటి అనే ప్రశ్నలు మాత్రం పాఠంలో కనబడవు. ఈ ప్రశ్నకు అంకెలలో సమాధానం చెప్పిన ఒక చిన్న పట్టిక యొక్క గుణదోషాలను ఇక్కడ పరిశీలిద్దాం.

మొదట ఒక అపోహను తొలగించుకోవాలి. సంపూర్ణ మత్తు నిద్ర కాదు. నిద్రలో ఉన్నవాడు పిలిస్తే లేస్తాడు, గొంతులో తడి చేరితే దగ్గుతాడు. మత్తులో ఉన్నవానికి ఈ రక్షణలు ఉండవు. మందు ఆపిన తరువాత స్పృహ, కండరాల బలము, దగ్గే శక్తి, జ్ఞాపకము అన్నీ ఒక్కసారిగా తిరిగి రావు. ఒకటి ముందు, ఒకటి వెనుక వస్తాయి. ఈ నడిమి వేళలోనే ప్రమాదం పొంచి ఉంటుంది. కనుకనే ఆపరేషను అయిన రోగిని నేరుగా వార్డుకు పంపక, రికవరీ గదిలో కొంతసేపు కనిపెట్టి ఉంటారు.

ఎంతసేపు? ఈ నిర్ణయానికి ఆధారంగా అమెరికాలో ఆల్డ్రెటే, క్రౌలిక్ అనే ఇద్దరు 1970లో ఒక పట్టికను ప్రకటించారు. పుట్టిన శిశువు స్థితిని కొలవడానికి వర్జీనియా ఆప్గార్ 1953లో ప్రకటించిన పట్టిక వారికి మార్గదర్శి. ఆమె కూడా మత్తు వైద్యురాలే. ఆల్డ్రెటే పట్టికలో అంశాలు ఐదు: కాళ్ళు చేతుల కదలిక, శ్వాస, రక్తపు పోటు, స్పృహ, చర్మపు రంగు. ఒక్కొక్క అంశానికి సున్న, ఒకటి, రెండు మార్కులు. మొత్తం పది. సాధారణంగా తొమ్మిది వస్తే రోగి గది దాటవచ్చును.

దీని సుగుణాలు చెప్పుకోదగినవి. రక్తపు పోటు కొలిచే సాధనం ఒక్కటి ఉంటే చాలు, ఏ నర్సయినా ఒక్క నిమిషంలో మార్కులు వేయగలదు. "కాలు ఎత్తు, గట్టిగా ఊపిరి తీయి, దగ్గు" అని అడగడమే పరీక్ష. మరొక సుగుణం ఇంకా సూక్ష్మమైనది. రక్తపు పోటుకు ఇందులో అందరికీ ఒకే ప్రమాణం లేదు. మత్తుకు ముందు ఆ రోగికే ఉన్న అంకెతో పోల్చి చూస్తారు. తేడా నూటికి ఇరవైకి మించకుంటే రెండు మార్కులు. ఇప్పుడు 112 ఉన్నదనుకుందాం. ముందు 110 ఉన్నవానికి రెండు మార్కులు వస్తాయి. ముందు 150 ఉన్నవానికి అది నూటికి ఇరవై అయిదు తగ్గినట్లు, కనుక ఒక్క మార్కే. ఎవరి కొలబద్ద వారిదే అన్న ఈ సూత్రం శాస్త్రసమ్మతమైనది.

లోపం ఐదవ అంశంలో ఉన్నది. చర్మం గులాబీ రంగులో ఉంటే రెండు, పాలిపోతే ఒకటి, నీలి రంగైతే సున్న. నల్లని చర్మం మీద, మసక దీపం క్రింద, ఈ తేడాలు ఎవరు గుర్తించగలరు? రక్తహీనత ఉన్నవారి విషయం మరీ చిక్కు. ప్రాణవాయువు కోల్పోయిన హిమోగ్లోబిన్ నూరు మిల్లీలీటర్ల రక్తంలో రమారమి 5 గ్రాములు చేరితేనే నీలిమ కంటికి కనబడుతుంది. 15 గ్రాముల హిమోగ్లోబిన్ ఉన్నవానిలో మూడవ వంతు అట్లా మారితే చాలు. 7.5 గ్రాములే ఉన్నవానిలో మూడింట రెండు వంతులు మారవలె. అనగా, ప్రాణవాయువు అతనికి ఎంతో తగ్గినా రంగు మారకపోవచ్చును, మార్కులు నిండుగా పడవచ్చును!

ఈ లోపాన్ని ఆల్డ్రెటేయే 1995లో సరిదిద్దాడు. రంగుకు బదులు పల్స్ ఆక్సీమీటరు చూపే అంకెను చేర్చాడు. జపాను ఇంజనీరు ఆవొయాగి 1974లో రూపొందించిన పద్ధతి అది. వేలి గుండా రెండు విధాల కాంతిని పంపి రక్తంలోని ప్రాణవాయువును అంచనా వేస్తుంది. అయితే ఈ యంత్రం నల్లనివారిలో అసలు ఉన్నదాని కంటె ఎక్కువ చూపే సందర్భాలు హెచ్చు అని 2020లో అమెరికాలో జరిగిన పరిశీలన తెలిపింది. రంగు చిక్కును తప్పించడానికి వచ్చిన యంత్రాన్ని కూడా ఆ చిక్కు పూర్తిగా వదలలేదు.

రెండవ లోపం మొత్తం వేయడంలోనే ఉన్నది. శ్వాసలో ఒక మార్కు తగ్గినవానికీ తొమ్మిదే, స్పృహలో ఒకటి తగ్గినవానికీ తొమ్మిదే. ఇద్దరి స్థితి ఒకటి కాదు. మొత్తం చూసి, ఏ సబ్జెక్టులో తప్పాడో చూడకపోతే విద్యార్థిని గురించి ఏమి తెలుస్తుందో ఉపాధ్యాయులకు చెప్పనక్కరలేదు.

మూడవది, పట్టికలో లేని సంగతులు. నొప్పి లేదు, వాంతి లేదు. వైట్, సాంగ్ అనేవారు 1999లో తమ పట్టికలో ఈ రెంటినీ చేర్చారు. కండరాలను సడలించే మందు కొంత మిగిలి ఉంటే, రోగి నాలుగు అవయవాలు కదపగలిగినా గొంతు కండరాలు ఇంకా బలహీనంగానే ఉండవచ్చును. పదికి పది వచ్చినవాడు తాను మాట్లాడిన మాటలే తరువాత మరచిపోవచ్చును. అందుకే అదే రోజు ఇంటికి వెళ్ళేవారిని 24 గంటలు వాహనం నడపవద్దనీ, ముఖ్యమైన కాగితాల మీద సంతకం చేయవద్దనీ వైద్యులు హెచ్చరిస్తారు. ఇది పట్టిక దోషం కాదు. రికవరీ గది దాటడానికి చేసిన కొలతను ఇంటికి పంపడానికి వాడితే, ఆ తప్పు వాడినవారిదే.

ఇన్ని లోపాలున్నా ఈ పట్టిక మేలే చేసింది. మార్కులు వేయవలెనంటే ఎవరో ఒకరు మంచం దగ్గర నిలబడి, పేరు పెట్టి పిలిచి, దగ్గించి, మాటిమాటికి చూడవలె. ఆ కనిపెట్టి ఉండడమే అసలు రక్ష. ఐదు మార్కులను విడివిడిగా చదివితే అంకె కూడా అందుకు తోడ్పడుతుంది.

ఆసుపత్రి వరండాలో "కళ్ళు తెరిచాడు, ఇక భయం లేదు" అనే మాట తరచు వినబడుతుంది. వెంటనే ఎవరో కాఫీయో, సోడాయో నోటికి అందిస్తారు. కళ్ళు తెరవడం ఐదింటిలో ఒక అంశం మాత్రమే. గొంతు ఇంకా మేలుకోని రోగికి పొలమారి, ఆ ద్రవం ఊపిరితిత్తులలోకి పోతే ప్రాణాపాయం. నర్సు చెప్పేదాకా నీటిచుక్క పోయరాదన్న ఒక్క మాట ఈ పాఠం వలన ఒక్క విద్యార్థి ఇంటికి చేరినా చాలు.