అందాన్ని వదిలేసిన అమ్మ

స్త్రీ రూపాన్ని పోతపోసిన కంచు శిల్పాల్లో కారైక్కాల్ అమ్మయార్ విగ్రహానిది ప్రత్యేక స్థానం. ఈ తమిళ శివభక్తురాలి అసలు పేరు పునీతవతి. నాయనార్లు అనే 63 మంది శివభక్తుల్లో ఒకరు. భర్త విడిచి వెళ్లాక, తన అందాన్ని తీసేసుకొమ్మని శివుణ్ణి వేడుకుని పిశాచ రూపం పొందిందని కథ. అమెరికాలో, కాన్సస్ సిటీలోని నెల్సన్-ఆట్కిన్స్ మ్యూజియంలో చోళుల నాటి అమ్మ విగ్రహం ఉంది. పక్కటెముకలు తేలాయి, రొమ్ములు వాలిపోయాయి. చేతుల్లో వాయించే తాళాలు. ముఖంలో మాత్రం ఎంత సంతోషమో!

అలాంటి కంచు పోత పనితనం కుంభకోణం దగ్గరి స్వామిమలైలో నేటికీ బతికే ఉంది. స్థపతులు తేనెమైనంలో గుగ్గిలం కలిపి బొమ్మ చేస్తారు. దానిమీద కావేరి ఒండ్రుమట్టిని పూతలు పూతలుగా పూసి ఆరబెడతారు. వేడి చేస్తే మైనం కరిగి కారిపోతుంది. ఆ ఖాళీలోకి కరిగిన లోహం పోస్తారు. చల్లారాక మట్టి మూసను పగలగొట్టాల్సిందే. అందుకే ఒక్కో మూసకు ఒక్కటే విగ్రహం. ఆపైన ఉలి, ఆకురాయి పట్టి కనురెప్ప దాకా తీర్చిదిద్దుతారు.

వాడిన దేహంలోనూ స్త్రీ గౌరవాన్ని నిలబెట్టిన గొప్ప విద్య ఇది. కుంభకోణం వెళితే గుళ్లతోపాటు ఆ శిల్పుల కార్ఖానాలూ చూసి రండి.