సున్నా తేల్చే పనితనం

సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయం భౌతికశాస్త్ర విభాగంలో ‘ఎట్-వాష్’ బృందం దశాబ్దాలుగా ఒకే పరికరాన్ని నమ్ముకుని పనిచేస్తోంది: సన్నని తీగకు వేలాడే లోలకం. 1986లో ప్రకృతిలో ఐదో బలం ఒకటి ఉండొచ్చన్న వాదన రేగినప్పుడు మొదలైన పని ఇది. ఎరిక్ అడెల్‌బర్గర్, బ్లేన్ హెకెల్, జెన్స్ గుండ్‌లాక్ దీన్ని ముందుండి నడిపించారు.

ఆ బలం ఉందో లేదో తేల్చే ప్రశ్న పాతదే. భూమి అన్ని పదార్థాలనూ ఒకే తీరున లాగుతుందా? తేల్చడానికి ఎనిమిది చిన్న దిమ్మెలు చేశారు, నాలుగు బెరీలియంవి, నాలుగు టైటానియంవి. ఒక్కొక్కటి 4.84 గ్రాములు. టైటానియం ఎక్కువ సాంద్రత గల లోహం కనుక ఆ దిమ్మెలను లోపల గుల్లచేసి, పైకొలతలూ బరువూ బెరీలియం వాటితో సరిపోయేలా మలిచారు. అన్నిటికీ బంగారు పూత వేశారు. ఒక పక్క బెరీలియం, ఎదుటి పక్క టైటానియం బిగించిన 70 గ్రాముల లోలకం, 20 మైక్రాన్ల మందం ఉన్న టంగ్‌స్టన్ తీగకు శూన్యంలో వేలాడుతుంది. మొత్తం పరికరం ఇరవై నిమిషాలకో చుట్టు చొప్పున తిరుగుతుంది. ఏ లోహాన్నైనా భూమి ఇసుమంత ఎక్కువ లాగితే, ప్రతి చుట్టులోనూ తీగ అదే లయలో మెలితిరగాలి.

నన్ను ముగ్ధుణ్ణి చేసేది ఆ తరువాతి పని. తీగను మెలితిప్పేవి ఇంకెన్నో ఉన్నాయి. పీఠం ఒరిగినా, గదిలో వేడి మారినా, వానకు పక్కనున్న కొండవాలు నానినా తీగకు తెలిసిపోతుంది. ఒరుగును సరిచేయడానికి పీఠం కాళ్లనే వేడిచేస్తారు, చల్లారుస్తారు. లోహం వ్యాకోచించినంత మేర కాలు పెరుగుతుంది. చుట్టుపక్కల నేల, గోడల లాగుడుకు విరుగుడుగా సీసపు దిమ్మెలు పేరుస్తారు. అంతటితో ఆగరు. కావాలనే పరికరాన్ని బాగా వంచి, కావాలనే ఒక పక్క వేడిచేసి, ఆ దోషం తీగను ఎంత తిప్పుతుందో ముందే కొలిచి పెట్టుకుంటారు. పైగా బెరీలియం, టైటానియం దిమ్మెల చోట్లు తారుమారు చేసి మళ్లీ కొలుస్తారు. నిజమైన తేడా ఏదైనా ఉంటే దిమ్మెలతో పాటే తిరగబడుతుంది, చట్రంలోని లోపం మాత్రం ఉన్నచోటే ఉంటుంది. ఇంతకన్నా నిజాయితీ గల కొలత నాకు తెలియదు.

2008లో ఫలితం ప్రకటించారు. పది లక్షల కోట్లలో రెండు వంతుల ఖచ్చితత్వంతో చూసినా తేడా కనబడలేదు.

ఇదే పనితనంతో మరో ప్రయోగం నడిచింది: అతి దగ్గరి దూరాల్లోనూ న్యూటన్ గురుత్వాకర్షణ సూత్రం పనిచేస్తుందా? లోలకాన్ని తన ద్రవ్యరాశితో లాగే పళ్లేనికీ లోలకానికీ నడుమ పల్చటి లోహపు రేకును బిగదీసి, విద్యుదాకర్షణ దాటిరాకుండా అడ్డుకున్నారు. 2020 నాటికి 52 మైక్రాన్ల దాకా వెళ్లారు. సూత్రం నిలిచింది.