గోళీకి తోడు కూడు

షుగరు ఉందని తేల్చాక డాక్టరు గారు నాకు రాసిన మందులు రెండు: మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్. మా తర్లుపాడులో చాలామంది వీటిని ఒకే డబ్బాలో పోసుకుని ‘షుగరు గోళీలు’ అంటారు. ఒకటి అయిపోతే ఇంకోటి వేసుకునేవాళ్లనూ చూశాను. ఈ రెండింటి గుణాలు వేరువేరు. ఆ తేడా తెలియకుండా చక్కెరను అదుపు చేయబోతే ప్రాణం మీదికి రావచ్చు.

మెట్‌ఫార్మిన్ ముఖ్యంగా కాలేయం వదిలే చక్కెరను తగ్గిస్తుంది. అదొక్కటే వాడుతుంటే చక్కెర మరీ పడిపోవడం అరుదు. గ్లిమెపిరైడ్ క్లోమం చేత ఇన్సులిన్ వదిలిస్తుంది. కడుపులో కూడు పడిందా లేదా అని అది చూడదు. తినకపోతే ఆ ఇన్సులిన్ నెత్తురులో ఉన్న కాస్త చక్కెరనూ లాగేస్తుంది. చేతులు వణుకుతాయి, చెమటలు పోస్తాయి, కళ్లు బైర్లు కమ్ముతాయి. మీటరులో 70 కంటే తక్కువ చూపిస్తే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగాలి, పావుగంట ఆగి మళ్లీ చూసుకోవాలి, తేరుకున్నాక ఏదైనా తినాలి. స్పృహ తప్పిన మనిషి నోట్లో మాత్రం ఏమీ పోయకూడదు. వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

గ్లిమెపిరైడ్‌కు చీటీ మీద ‘టిఫినుకు ముందు’ అని ఉంటుంది. మా పక్క టిఫిను వేళ ఏది? ఎండాకాలంలో ఉపాధి పనికి తెల్లారకముందే బయల్దేరతారు. మిరప కోతలకు ఆటో ఎక్కే ఆడవాళ్లు సద్దిగిన్నె విప్పేది పొద్దు బాగా ఎక్కాకే. మార్కాపురం చుట్టూ పలకల పనికి పోయేవాళ్లదీ అదే తీరు. “గోళీ ఇంటికాడే ఏసుకుని పోతానన్నా, ఆడికి పోయినాక మరిచిపోతానని. పది గంటలప్పుడు కాళ్లల్లో సత్తువ పోద్ది” అంది మా వీధిలో ఒక చెల్లెలు. ఎండ దెబ్బ అనుకుంటోంది. ఎండకైనా చెమటే, చక్కెర పడిపోయినా చెమటే. అందుకే ఆ సమయంలో ఒకసారి మీటరు పెట్టి చూడాలి. గోళీని సద్దిగిన్నెతో పాటే మూట కట్టుకోవచ్చేమో డాక్టరు గారిని అడగమన్నాను. మందు మార్చేది ఆయనే. కానీ మనం ఎన్నింటికి తింటామో చెప్పకపోతే ఆయనకు ఎలా తెలుస్తుంది?

ఇక తిండి. 1983లో ఎన్టీఆర్ కిలో రెండు రూపాయల బియ్యం తెచ్చారు. కరువు సీమకు అది చేసిన మేలును నేను తక్కువ చేయను, ఆకలి తెలిసినవాళ్లెవరూ చేయరు. జొన్న సంగటి, సజ్జ రొట్టె, కొర్రన్నం తిన్న ఇళ్లలో వరన్నం ఒకప్పుడు పండగ కూడు. ఇప్పుడు మూడు పూటలా అదే. షుగరు వచ్చినవాళ్లు మళ్లీ చిరుధాన్యాల వైపు చూస్తున్నారు, మంచిదే. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు 2021లో పాత పరిశోధనలన్నీ కలిపి చూసి, చిరుధాన్యాలు తిన్న షుగరు రోగులలో పరగడుపు చక్కెర, తిన్న తర్వాతి చక్కెర రెండూ తగ్గాయని తేల్చారు. అయితే పేరు కొర్ర అయినంత మాత్రాన పళ్లెం నిండా తినొచ్చని కాదు. మిల్లులో తెల్లగా పాలిష్ పట్టిన కొర్రలో పొట్టు పోతుంది, పీచూ పోతుంది. మెత్తటి పిండితో పలచగా కాచిన రాగి జావ గొంతు దిగినంత తొందరగా నెత్తురులోకీ దిగుతుంది. నా ఒంట్లో జావకంటే, గోంగూర పప్పుతో తిన్న సజ్జ రొట్టెకు అంకె నెమ్మదిగా పెరుగుతుంది. మీ ఒంట్లో ఎలాగో మీ మీటరే చెప్పాలి. తినబోయే ముందొకసారి, మొదటి ముద్ద తిన్న రెండు గంటలకు ఇంకోసారి చూసుకుంటే ఆ పూట సంగతి తేలిపోతుంది. పరీక్ష పట్టీల ఖర్చు కూలి మనిషికి బరువే. అందుకని ఒక వారం పొద్దుటి తిండిని, ఇంకో వారం మధ్యాహ్నపు తిండిని పట్టి చూస్తే చాలు.

వేలు శుభ్రంగా కడుక్కోవడం మరవద్దు. నల్లమల సీతాఫలాలు వచ్చే రోజుల్లో ఆ గుజ్జు అంటిన వేలితో పరీక్ష చేస్తే మీటరు లేని చక్కెర చూపిస్తుంది. సూది వేలి కొసన కాకుండా పక్కన గుచ్చితే నొప్పి తక్కువ. ఎండాకాలం పట్టీల డబ్బాను కిటికీలో పెట్టకూడదు, వేడికి చెడిపోతాయి.

రాత్రి ఏమీ తినకపోయినా పొద్దున అంకె ఎక్కువ వచ్చిందని కుమిలిపోయేవాళ్లున్నారు. తెల్లవారుజామున కాలేయం తనంతట తాను చక్కెర వదులుతుంది. దానికి రాత్రి అన్నం మానేయడం మందు కాదు. నడక నాకు బాగా పనిచేసింది. తినగానే ఒక పావుగంట రైల్వే స్టేషను వైపు నడిచి వస్తాను. కదిలే కండరం ఇన్సులిన్ సాయం అంతగా లేకుండానే చక్కెరను తీసుకోగలదు.

ఈ శ్రమంతా ఎందుకని అడిగేవాళ్లకు 1998లో బ్రిటన్‌లో వెలువడిన పెద్ద పరిశోధన గురించి చెబుతుంటాను. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ ఒక జట్టులో 7.0, ఇంకో జట్టులో 7.9 దగ్గర ఏళ్ల తరబడి ఉంది. ఒక శాతం కూడా లేని ఆ తేడాతో కళ్లు, కిడ్నీల వంటి వాటిలో సన్న రక్తనాళాలకు జరిగే హాని పాతిక శాతం తగ్గింది.

ముప్పై దాటినవారికి ఊళ్లలోనే షుగరు, బీపీ చూస్తున్నారు. ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు ఇల్లిల్లూ తిరిగి రాసుకుంటున్నారు. ఆ కాగితంలో ఇంకొక గడి ఉండాలని నా కోరిక: ఏ పనికి పోతావు, ఎన్నింటికి తింటావు? అందరికీ వడ్డించి చివరన తినే ఇల్లాలినీ ఈ మాట అడగాలి, ఆమె మధ్యాహ్నపు అన్నం చాలా ఇళ్లలో మూడింటికి. మిరప కోతలు అయిపోయి ఉపాధి పని మొదలైతే తినే వేళ మారిపోతుంది కాబట్టి, ఆ గడిని ఏడాదికోసారి కాక పని మారినప్పుడల్లా నింపాలి.